గింజ చుట్టూ ఉన్న జిగురు

మిద్దెతోటల వాళ్లు కాయల సైజు గురించి మాట్లాడుకుంటారు. నాకు మాత్రం నాటు టమాటాలో అసలు పనితనం గింజ దగ్గరే కనబడుతుంది.

బాగా పండిన నాటు పండును అడ్డంగా కోసి చూడండి. ప్రతి గింజ చుట్టూ పారదర్శకమైన జిగురు సంచి ఉంటుంది. పండు లోపల తడి, వెచ్చదనం రెండూ ఉన్నా గింజ మొలకెత్తదు. మొలకను ఆపే పదార్థాలు ఆ జిగురులోనే ఉంటాయి. మొక్క తన గింజకు తానే వేసుకున్న తాళం అది. దాన్ని తీయడానికి గుజ్జును గాజు గ్లాసులోకి పిండి, కొంచెం నీళ్లు పోసి నీడలో పెట్టాలి. మన ఎండల్లో రెండు రోజులకే పైన తెల్లటి బూజు తెట్టు కడుతుంది, పుల్లటి వాసన వేస్తుంది. వాసనకు ముక్కు మూసుకోండి గానీ పారబోయకండి. అలా పులియడమే జిగురును కరిగిస్తోంది. ఇంకా ఉంచితే మాత్రం గింజలు గ్లాసులోనే మొలకెత్తుతాయి. నీళ్లు పోసి కలిపితే గట్టి గింజలు అడుగుకు దిగుతాయి, తాలు పైకి తేలుతుంది. కడిగిన గింజల్ని పళ్లెంలో పలచగా ఆరబెట్టాలి. కాగితం మీదైతే అతుక్కుపోతాయి. ఆరిన గింజను వెలుతురులో చూస్తే ఒళ్లంతా సన్నని వెండి నూగు.

ప్రోట్రేలో అర సెంటీమీటరు లోతున వేస్తే వారంలో మొలుస్తాయి. మొదటి జంట ఆకులు నునుపుగా, కోలగా ఉంటాయి. టమాటా పోలిక ఆ తర్వాతి ఆకుతోనే వస్తుంది. 25 రోజుల నారును కుండీలోకి మార్చేటప్పుడు కింది ఆకులు గిల్లి, కాండాన్ని సగం దాకా పూడ్చాలి. మట్టి తగిలిన కాండమంతా వేళ్లు వేస్తుంది.

ఇక పువ్వు. పసుపుపచ్చని పరాగకోశాలు ఒకదానికొకటి అంటుకుని గొట్టంలా నిలబడతాయి, పుప్పొడి లోపలివైపే రాలుతుంది. కీలాగ్రం ఆ గొట్టంలోనే ఉండటంతో చాలావరకు పువ్వు తనతో తానే ఫలదీకరణం చెందుతుంది. తుమ్మెద వాలి రెక్కలు కదలకుండా ఒళ్లు ఝుమ్మని వణికిస్తే పుప్పొడి ఇంకా బాగా రాలుతుంది. తుమ్మెదలు రాని మేడ మీదైతే పొద్దున్నే గుత్తిని వేలితో తట్టినా చాలు. ఈ కట్టుదిట్టం వల్లే నాటు రకం ఏళ్ల తరబడి తన గుణం నిలుపుకుంటుంది. హైబ్రిడ్ పండు గింజ వేస్తే మాత్రం తల్లి గుణం రాదు, మొక్కకో తీరు.

విత్తనానికి పెద్ద కాయను కాదు, తెగులు తట్టుకుని బాగా కాసిన మొక్కను ఎంచండి. దానికి గుర్తుగా ఒక దారం కట్టండి, లేకపోతే ఆ పండు చారులోకి వెళ్లిపోతుంది.