బేస్‌మెంట్ మెట్ల మీద

అక్టోబరు రెండో శనివారం పొద్దున్నే కొలంబస్‌లో బయల్దేరి, రెండు గంటలు కారు నడిపి, నేను చదువుకున్న ఊరు చేరతాను. జేబులో చిన్న ఇత్తడి తాళంచెవి ఒకటి ఉంటుంది. అది ఏ తలుపుకూ పట్టదు. మా ఫ్రెటర్నిటీ (కాలేజీ సోదర సంఘం) ఇంట్లో ముప్పై ఒక్క రేడియేటర్లున్నాయి. చలికాలం రాకముందే వాటిలో చేరిన గాలి తీసేయాలి. లేకపోతే కింది సగం కాలుతుంటే పై సగం చల్లగా ఉండిపోతుంది. తాళంచెవితో మర కొద్దిగా వదులు చేస్తే బుస్సుమని గాలి పోతుంది, నీటి బొట్టు కనబడగానే బిగించేయాలి. ఆ పని నేను చెయ్యను. రెండో ఏడు చదివే ఒక కుర్రాడి చేతికి తాళంచెవి ఇచ్చి, బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుంటాను.

నాకు ఇది నేర్పినాయన 1950ల్లో ఆ ఇంట్లో ఉన్నవాడు. రైల్వేలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. 1988 అక్టోబరులో నాకు తాళంచెవి ఇచ్చి, మోకాళ్ల నొప్పులని చెప్పి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రమే ఫుట్‌బాల్ స్టేడియం మెట్లు ఆయన చకచకా ఎక్కుతుంటే చూశాను. నాకు పని రావాలని కూర్చున్నాడని అప్పుడు అర్థమైంది.

ఫ్రెటర్నిటీ అనగానే మనవాళ్లకు హాలీవుడ్ సినిమాల్లోని ఎర్ర ప్లాస్టిక్ గ్లాసుల పార్టీలు గుర్తొస్తాయి. వాటిని కాదనను. కానీ మా ఒహాయోలో దీనికి చాలా పాత చరిత్ర ఉంది. ఆక్స్‌ఫర్డ్ ఊళ్లోని మయామీ యూనివర్సిటీలోనే బీటా థీటా పై (1839), ఫై డెల్టా థీటా (1848), సిగ్మా కై (1855) పుట్టాయి. ఆ కాలేజీకి ‘ఫ్రెటర్నిటీల తల్లి’ అనే పేరుంది. సెమిస్టరు మొదట్లో ‘రష్’ పేరుతో కొత్త పిల్లల్ని చూసుకుంటారు, నచ్చినవాళ్లకు ‘బిడ్’ ఇస్తారు. కొన్ని వారాలు ‘ప్లెడ్జ్’గా ఉన్నాక దీక్ష ఇచ్చి సోదరుడంటారు. డిగ్రీ చేతికొచ్చినా ఆ సభ్యత్వం పోదు. పల్లెల నుంచి చదువుకు వచ్చిన పిల్లలకు పెద్దలు నీడ కల్పించడం మనకు తెలుసు, హైదరాబాద్‌లో 1918లో వెలిసిన రెడ్డి హాస్టల్ అలాంటిదే. ఇక్కడి తేడా ఏమిటంటే ఇంటిని నడిపేది పిల్లలే. ప్రెసిడెంటునీ ట్రెజరర్‌నీ వాళ్లే ఎన్నుకుంటారు. వంటమనిషి జీతం దగ్గర్నుంచి కరెంటు బిల్లు దాకా ఇరవయ్యేళ్ల కుర్రాడు లెక్క రాస్తాడు.

మా చాప్టర్ (ఫ్రెటర్నిటీ స్థానిక శాఖ) ఇల్లు హౌస్ కార్పొరేషన్ పేరిట ఉంది. అంటే పాత సభ్యులం కలిసి నడిపే సంస్థ. పిల్లలు మాకు అద్దె కడతారు, మేము పైకప్పూ ఇన్సూరెన్సూ పన్నూ చూసుకుంటాం. పదిహేనేళ్లుగా ఆ బోర్డులో ఉన్నాను. చెక్కు రాయడం ఇందులో అన్నిటికన్నా తేలిక పని. బాయిలర్ పాడైందని ట్రెజరర్ ఫోన్ చేస్తే, ‘ఎంత?’ అని అడిగేసి డబ్బు పంపవచ్చు. కానీ ‘ముగ్గుర్ని పిలిచి రేట్లు కనుక్కున్నావా? అద్దె బాకీ ఎవరెవరిది ఉంది?’ అని అడిగి, వాడు కనుక్కుని చెప్పేదాకా ఆగడానికి ఓపిక కావాలి. స్నేహితుడి దగ్గర బాకీ వసూలు చేయడం ఏ కాలేజీ పాఠంలోనూ రాదు. ఆ ఇంట్లో వస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నాకు తాళంచెవి ఇచ్చిన ఆ శనివారం తర్వాత మూడు వారాలకే, అదే బేస్‌మెంట్‌లో, దీపాలార్పి కొత్త పిల్లల్ని గోడ పక్కన నిలబెట్టారు. ముందు ఏడాది నేను ఆ గోడ పక్కన నిలబడ్డాను. ఈసారి టార్చిలైటు నా చేతిలో ఉంది. సీసా చేతులు మారుతుంటే వెలుగు చూపించాను. ఒక అబ్బాయి పడిపోయాడు, తెల్లారేదాకా సరిగా లేవలేదు. బతికాడు. నేను ఏమీ చేయలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. నేను పడ్డాను కాబట్టి వాడూ పడాలన్న లెక్క నాకప్పుడు తప్పనిపించలేదు. మన కాలేజీల్లో ర్యాగింగ్‌ను బతికించిన లెక్క కూడా ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో ర్యాగింగ్‌ను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. ఒహాయో 2021లో, బలవంతంగా తాగించి తీవ్రమైన హాని చేస్తే దాన్ని ఫెలనీగా, అంటే తీవ్రమైన నేరంగా మార్చింది.

చట్టం ఇంట్లోకి రావడానికి అడ్డుపడేది చాలాసార్లు మా వయసువాళ్లమే. పాత విద్యార్థులు తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఆటకు వచ్చి, పిల్లల భుజం తట్టి, ‘మా రోజుల్లో అయితే...’ అని మొదలుపెడతాం. ఆ ఒక్క మాట వాళ్లకు అనుమతి. అందుకే ఏటా కొత్త పిల్లలు చేరిన వారంలో వెళ్లి, 1988 నాటి ఆ రాత్రి నేనేం చేశానో దాచకుండా చెబుతాను. నా ఫోన్ నంబరు వంటగది ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది.

కొన్నేళ్ల కింద, ఫిబ్రవరిలో ఒక రాత్రి ఒకటీ నలభైకి ఫోన్ మోగింది. ‘ఒకడు లేవడం లేదు’ అన్నాడు ప్రెసిడెంటు. 911కి చేశావా అంటే, ముందు మీకే చేశానన్నాడు. ‘పెట్టేసి వాళ్లకి చెయ్యి. వాణ్ని పక్కకు తిప్పి పడుకోబెట్టు’ అన్నాను. మంచులో ఆస్పత్రికి చేరేసరికి ఆ అబ్బాయి కళ్లు తెరిచాడు. చాప్టర్‌ను ఏడాదిపాటు సస్పెండ్ చేశారు. అద్దెలు ఆగిపోయాయి. కొందరు పాత సభ్యులు, గుట్టుగా సర్దుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదని విరాళాలు మానేశారు. ఆ ఏడాది బాయిలర్ ఖర్చు బోర్డులో మిగిలినవాళ్లం పంచుకున్నాం. ఆ ప్రెసిడెంటు కుర్రాడు ఆ రాత్రి ఫోన్ చేసినందుకు నేనెంత కట్టినా తక్కువే.

పాత సభ్యుల బలం ఎంతటిదో చూడాలంటే ఆల్ఫా ఫై ఆల్ఫాను చూడాలి. శ్వేతజాతివారికే చోటని చాలా ఫ్రెటర్నిటీలు నిబంధనల్లో రాసుకున్న కాలం ఒకటుంది. 1906లో కోర్నెల్ యూనివర్సిటీలో నల్లజాతి విద్యార్థులు ఆల్ఫా ఫై ఆల్ఫా పేరుతో తమ సంఘం తామే పెట్టుకున్నారు. బోస్టన్ యూనివర్సిటీలో చదువుతూ మార్టిన్ లూథర్ కింగ్ 1952లో అందులో చేరాడు. వాషింగ్టన్‌లో 2011లో ఆవిష్కరించిన ఆయన స్మారకానికి పూనుకుని, నిధుల సేకరణకు ఏళ్ల తరబడి తిరిగినవాళ్లు ఆ సోదరులే. మా మెట్ల గోడకు వేలాడే 1987 ఫొటోలో గోధుమరంగు ముఖం నాదొక్కటే. దాని ముందు నిలబడినప్పుడల్లా కోర్నెల్ పిల్లలు గుర్తొస్తారు.

రెండేళ్ల కింద ఖమ్మం నుంచి వచ్చి డేటన్‌లో స్థిరపడిన ఒక తల్లి ఫోన్ చేసింది. ‘అన్నయ్యగారూ, మావాడు ఆ ఇంట్లో చేరతానంటున్నాడు. తాగుడు తప్ప అక్కడేముంటుందండీ?’ అంది. భయపడొద్దని చెప్పలేదు, భయపడాల్సిన చోటే. ‘వాళ్లకు సలహాదారుగా ఉన్న పెద్దమనిషి ఎవరో, ఆయన ఆ ఇంట్లో భోంచేసి ఎన్నాళ్లయిందో అడగమనమ్మా’ అన్నాను. తర్వాతి ఆదివారం వాడు నన్నే అడిగాడు. పోయిన బుధవారం అని చెప్పాను.

కిందటి అక్టోబరులో తాళంచెవి వాడి చేతికిచ్చాను. కింది అంతస్తుతోనే మొదలుపెట్టాలి కాబట్టి బేస్‌మెంట్ మూలనున్న రేడియేటర్ ముందు గొంతుక్కూర్చున్నాడు. పైన ఎవరో బట్టలు ఉతికే మెషీన్ వేశారు, నేల అదురుతోంది.

‘అంకుల్, ఇది తిరగట్లేదు.’

‘ఏ వైపు తిప్పుతున్నావు?’ అన్నాను, మెట్టు మీంచి లేవకుండా.