కొండెక్కిన కాలేజీ

1972లో బొంబాయిలో పుట్టిన దళిత పాంథర్స్ గురించి రాసేటప్పుడు మనవాళ్లు అమెరికా బ్లాక్ పాంథర్లను తప్పక తలుచుకుంటారు. నల్ల కోట్లు, తుపాకులు, నినాదాలు అన్నీ వస్తాయి. ఆ పార్టీ వెనకాల ఒక రెండేళ్ల సర్కారీ కాలేజీ ఉందన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు. ఇది చిన్న లోపమని మేము అనుకోవడం లేదు.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో, గ్రోవ్ వీధిలో, నల్లజాతి జనం ఇళ్ల నడుమనే మెరిట్ కాలేజీ ఉండేది. అప్పట్లో ట్యూషన్ ఫీజు లేదు. రాష్ట్రమంతటా యూనిట్ లెక్కన ఫీజు పెట్టింది 1984లో. హ్యూయీ న్యూటన్, బాబీ సీల్ కలుసుకున్నది ఆ కాలేజీలోనే. నల్లజాతి చరిత్రను పాఠంగా చెప్పాలని కొట్లాడిందీ అక్కడే. పార్టీ 1966 అక్టోబరులో వచ్చింది.

కాలేజీ 1964లో ఏర్పడ్డ పెరాల్టా డిస్ట్రిక్టు కిందికి వచ్చింది. పెరాల్టా అంటే 1820లో స్పెయిన్ ప్రభుత్వం నుంచి ఓలోనీ ఆదివాసుల నేలను ఇనాముగా పొందిన భూస్వామి. ఎవరి పేర్లు నిలుస్తాయో మనకు తెలియంది కాదు! ఇదే డిస్ట్రిక్టు నగరం నడుమ లేనీ కాలేజీ నడిపింది, చేతిపనులు నేర్పింది, యూనివర్సిటీకి దారి చూపింది. అది కాదనం. గానీ 1971లో మెరిట్‌ను కొండల మీదికి తీసుకుపోయింది. వీధి జనం వద్దన్నా ఆగలేదు.

రెండు బస్సులు మారి డిగ్రీ చదివిన మాకు ఆ దూరం ఎట్లాంటిదో తెలుసు. సీట్ల లెక్కలో అది కనిపించదు.

గ్రోవ్ వీధికి తర్వాత మార్టిన్ లూథర్ కింగ్ పేరు పెట్టారు. మెరిట్ ఇప్పటికీ కొండమీదే ఉంది.