ఓనర్లూ ఆర్డర్లూ

విశాఖలో ఉక్కు మాటెత్తితే అందరి చూపూ స్టీల్ ప్లాంటు మీదికే పోతుంది. అది పుట్టకముందు నుంచే ఈ ఊళ్లో ఇనుముతో బతికిన చోటు షిప్‌యార్డు. 1941 జూన్‌లో రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. కట్టింది వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా కంపెనీ. మరుసటేడే ఊరిమీద జపాన్ బాంబులు పడ్డాయి. అయినా యార్డు లేచింది. 1948 మార్చిలో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ ఓడ నీళ్లలోకి దిగింది.

ఆ సంబరం వెనకే ఆర్డర్ల కరువొచ్చింది. సర్కారే ఓడలు కొని యార్డును నిలబెట్టాల్సి వచ్చింది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఏర్పడేసరికి మూడింట రెండు వంతులు ప్రభుత్వానివి. 1961లో మిగతా వంతూ కలిసింది. 2010లో నౌకాయాన శాఖ నుంచి రక్షణ శాఖకు మారింది. సింధియా వాళ్లు వెళ్లి ఇన్నేళ్లయినా మల్కాపురం దగ్గర బస్సు ఆగే చోటు ఇప్పటికీ సింధియాయే.

అక్కడ పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన దగ్గర నేను తరచూ కూర్చుంటాను. ఓడ ముందు భాగానికి మందపాటి ప్లేటును వంచడం ఆయన పని. ప్లేటు మీద గ్యాస్ మంటతో గీత గీసినట్టు వేడి చేస్తూ పోవాలి, వెనకే నీళ్లు కొట్టాలి. వేడెక్కిన వైపు చల్లారుతూ ముడుచుకుంటుంది, ప్లేటు వంగుతుంది. చెక్క అచ్చు ఆనించి చూసి, తేడా ఉంటే మళ్లీ మంట. ఎంత వేడి చాలో ఇనుము రంగే చెప్పాలి. అది కాగితం మీద నేర్చుకునే విద్య కాదు.

“ఓనరు మారితే గేటు మీద బోర్డు మారుద్ది బాబూ. పని లేకపోతే చెయ్యే మొద్దుబారిపోద్ది” అంటాడాయన.

యార్డుకు ఇప్పుడు పనుంది. 2023లో నౌకాదళం అయిదు ఫ్లీట్ సపోర్ట్ షిప్పులకు ఆర్డరిచ్చింది. 2025 జులైలో ఇక్కడ కట్టిన ‘నిస్తార్’ ఓడ నౌకాదళంలో చేరింది.

ఇక ఓనరు ప్రశ్న స్టీల్ ప్లాంటుకూ ఎదురైంది. దాన్ని అమ్మాలని కేంద్రం 2021 జనవరిలో నిర్ణయించింది. 2025 జనవరిలో మళ్లీ దాన్ని నిలబెట్టడానికి రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఓనరు ఎవరైనా ఒకటేనని నేననను. ఆర్డర్లు కరువైన రోజుల్లో ఓడలు కొన్నది సర్కారు కాబట్టే యార్డు నిలిచింది. స్టీల్ ప్లాంటుకు మాత్రం మొదటి నుంచీ సొంత ఇనుప గనుల్లేవు. అందుకే ఏ ప్రకటన వచ్చినా నేను ముందు అడిగేది రెండే: యార్డుకు తర్వాతి ఓడ ఏది, ప్లాంటుకు ఖనిజం ఎక్కడిది?