ఏవగింపెరుగని తల్లి

ఎరువుతల్లీ! మేం ముక్కు మూసుకున్న చోట నువ్వు ఒడి పరిచావు. మేం ముఖం తిప్పుకున్న చోట నువ్వు కళ్లు తెరిచావు. తిన్నది అన్నమని మురిసి, విడిచింది మలమని విసిరి, రెండింటికీ మధ్య దూరం ఒక్క రేయేనని మరిచిన మా మీద నీకు కినుక లేదు, కసి లేదు. ఊక కప్పుకుని, బూడిద పూసుకుని, కుప్పలో తపసుకు కూర్చుంటావు. నిప్పంటించే వారు లేకుండానే రగులుకుంటావు. కంటికానని కోటానుకోట్ల ప్రాణులు నీ కడుపులో రేయింబవళ్లు హోమం చేస్తాయి. 55 డిగ్రీలు దాటిన ఆ వేడిలో రోగాల క్రిములు మాడుతాయి, ఏలికపాముల మొండి గుడ్లు సైతం ఓడుతాయి. నెలలు గడిచి తవ్వి చూస్తే, నలుపు! పిడికిట పడితే పొడిపొడిగా రాలే నలుపు, తొలకరికి తడిసిన చేను వాసన తప్ప మరే వాసనా లేని నలుపు!

నంద్యాల నేల నీ కోసం నోరు తెరిచి ఉంది. ఎండాకాలం రేగడి నెర్రెలిచ్చినప్పుడు అందరూ దాన్ని దాహమంటారు. నాకు అది ఆకలిగా వినిపిస్తుంది. చూపుకు కాటుకంత నల్లనైనా, ఈ మట్టిలో నత్రజని తక్కువ, కుళ్లి కలిసిన ఆకూ అలమూ తక్కువ. కర్నూలు-కడప (కె.సి.) కాలువ నీళ్లు తెచ్చింది. 1906లో పుట్టిన వ్యవసాయ పరిశోధన క్షేత్రం విత్తులు తెచ్చింది: అహోబిలేశుణ్ని తలపించే పేరుతో నరసింహ పత్తి, నవనందుల్లో ఒక నంది పేరుతో సూర్యనంది కొర్ర. నీరు దిగింది, విత్తు దిగింది. ఇక దిగవలసింది నువ్వే.

నీ అక్కచెల్లెళ్లు ఈ సీమకు పాత చుట్టాలే. వేసవిలో బండ్లెక్కి దిబ్బెరువు వచ్చేది. రాత్రిళ్లు బీడులో గొర్రెల మంద కడితే, తెల్లారేసరికి చేనంతా చల్లిన సిరి. పశువు విడిచింది పవిత్రమట, మనిషి విడిచింది పాపమట! నేలకు ఈ లెక్క ఎవరు నేర్పారు? ఒక్క మనిషి ఏడాదిలో సుమారు 500 లీటర్ల మూత్రం, 50 కిలోల మలం విడుస్తాడు. అందులో నాలుగైదు కిలోల నత్రజని, అధికభాగం మూత్రంలోనే. ఆ సిరి కాలువలోకి జారి కుందూలో, కుందూ నుంచి పెన్నలో, పెన్న వెంట కడలిలో కలుస్తుంది. చేను ఆకలితో ఉండగా వాగులు విషం తాగుతున్నాయి.

ఆళ్లగడ్డలో ఉలి తగిలితే బండ దేవుడవుతుంది. నిన్న గొడ్డు కాలు తగిలిన రాయి రేపు గర్భగుడిలో హారతి అందుకుంటుంది. రాయి మారలేదు, అక్కర్లేనిది రాలిపోయింది. నీ పనీ అంతే తల్లీ! నీ ఉలి కాలం, నీ సుత్తి వేడి.

1930ల చివర బెంగళూరులో శాస్త్రవేత్త సి.ఎన్. ఆచార్య ఊరి చెత్తనూ మలాన్నీ పొరలు పొరలుగా పేర్పించి, మన్ను మెత్తించి, నెలలకొద్దీ నిద్రపుచ్చి నిన్ను మేల్కొలిపారు. గొప్ప పని. కానీ ఆనాడు ఊళ్లలో ఆ పచ్చిమలం గంప ఎవరి నెత్తిన ఎక్కిందో తలుచుకుంటే, నిన్ను స్తుతించే నా గొంతు పూడుకుపోతుంది. తరతరాలుగా ఒకే కులం చేతుల్లో చీపురు పెట్టి, ఆ చేతులనే అంటరానివన్నారు. 1993లో ఒక చట్టం, 2013లో మరో చట్టం ఆ మోత వద్దన్నాయి. ఇంకా ఆగలేదు. బంగారం తవ్విన కోలారు గనుల ఊళ్లో, పారిశుద్ధ్య కార్మికుల తెలుగింట పుట్టిన బెజవాడ విల్సన్ ఆ గంపలను దించడానికే బతుకంతా పెట్టారు. 2016లో మెగసెసే పురస్కారం ఆయన ఇంటికొచ్చింది. ఆ గంపలు దిగితేనే నీకు నిజమైన పూజ. పచ్చిది ఏ నెత్తీ మోయరాదు. మోస్తే కాలమే మోయాలి.

అలా కాలం మోసిన చోటు నాకొకటి తెలుసు. వరంగల్ దగ్గరి గంగదేవిపల్లి. ఇంటింటా జంట గుంతలు: ఒకటి నిండితే మూసి, రెండోదానికి మళ్లిస్తారు. మూసినది ఏడాదికి తక్కువ కాకుండా పడుకుంటుంది. 2017 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ అలాంటి గుంతలోకి స్వయంగా దిగి నిన్ను పైకి తీశారు. ఢిల్లీ పెద్దల చేతుల్లో ఆనాడు నువ్వు ఎంత వెలిగావమ్మా!

రా తల్లీ, వైశాఖం ముదరకముందే రా! మహానంది అరటి మొదళ్లకు రా, బనగానపల్లె మామిడి పాదులకు రా, ఆళ్లగడ్డ పత్తి చేలకు రా. పచ్చిగా తినే ఆకుకూరల మడికి మాత్రం తొందరపడకు, చెట్లతో మొదలుపెట్టు. ఏడాది నిండందే గుంత తెరవం. నంద్యాల మిల్లుల ఊక నీకు పరుపు, పొయ్యి బూడిద నీకు విభూతి. బండి దగ్గర పార పట్టేది ఇక ఏ ఒక్క కులమో కాదు, చేనున్న ప్రతి ఇల్లూ.