పెరగడం ఎంతో, విరగడమూ అంతే

మా ల్యాబ్‌లో పని మటన్ కొట్టు దగ్గర మొదలవుతుంది. తెల్లారగట్లే వెళ్లి, అప్పుడే కోసిన మేకల మెదళ్లు తీయించి, ఐసు డబ్బాలో పెట్టుకుని వస్తాం. ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ అందులో దండిగా దొరుకుతుంది. కణం అస్థిపంజరంలో ముఖ్యమైన గొట్టాలు, మైక్రోట్యూబ్యూళ్లు, దీంతోనే కట్టుకుంటాయి.

ట్యూబ్యులిన్‌ను శుద్ధి చేసే పద్ధతి దాని గుణాన్ని పట్టుకునే నడుస్తుంది. మెదడును చల్లటి ద్రావణంలో రుబ్బి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ద్రవానికి జీటీపీ అనే అణువును కలిపి 37 డిగ్రీల వేడిలో ఉంచుతాం. కాసేపటికి ద్రవం మసకబారుతుంది, చిక్కబడుతుంది. గొట్టాలు కట్టాయన్నమాట. మళ్లీ తిప్పితే అవి అడుగుకు దిగుతాయి. వాటిని ఐసులో పెడితే విడిపోయి ద్రవంలో కలుస్తాయి. ఈసారి తిప్పితే అడుగున మిగిలేది చెత్తే. ఈ వరస తిరగేసిన కొద్దీ సరుకు శుభ్రపడుతుంది.

వేడి మార్చకపోయినా ఈ గొట్టాలు కుదురుగా ఉండవు. ఒకే ద్రావణంలో కొన్ని గొట్టాలు పెరుగుతుంటే పక్కనే మరికొన్ని కూలిపోతుంటాయని 1984లో శాస్త్రవేత్తలు టిమ్ మిచిసన్, మార్క్ కిర్ష్‌నర్ చెప్పారు. మైక్రోస్కోప్‌లో చూస్తే, నిదానంగా సాగుతున్న గొట్టం ఉన్నట్టుండి చరచరా కురచైపోతుంది. కిటుకంతా కొసలోనే ఉంది. కొత్తగా వచ్చి చేరే ట్యూబ్యులిన్ జీటీపీని పట్టుకుని వస్తుంది. చేరాక ఆ జీటీపీ జీడీపీ అనే మరో అణువుగా మారిపోతుంది. కొసన జీటీపీ ఉన్నంతసేపే గొట్టానికి పట్టు. అది పోయిందా, సాధారణంగా 13 ఉండే నిలువు పోగులు అరటితొక్కలా విచ్చుకుంటాయి.

ఇదంతా దుబారా అనుకోవద్దు. కణం రెండుగా చీలే వేళ గొట్టాలు క్రోమోజోముల కోసం నలుదిక్కులా సాగుతాయి. అందుకున్నది నిలుస్తుంది. అందనిది కూలి, ఆ ట్యూబ్యులిన్ మరోవైపు వెతకడానికి పనికొస్తుంది.

బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ ఈ గొట్టాలను పెరగనివ్వదు. పసిఫిక్ యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్ కూలనివ్వదు. రెండూ క్యాన్సర్ మందులే. పెరగడం ఆగినా, కూలడం ఆగినా కణవిభజన ఆగిపోతుంది. నరాల పొడవునా ఈ గొట్టాలే కాబట్టి ఈ మందులు వాడేవారిలో చాలామందికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

షుగర్ తగ్గుతుందని పెరట్లో బిళ్ళగన్నేరు ఆకులు కోసి నమిలేవాళ్లు మనలో ఉన్నారు. ఆ మొక్క మందును డాక్టర్లు ఒంటి కొలత చూసి, మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి, రక్తపరీక్షలు చేస్తూ ఎక్కిస్తారు. ఆకుకు అలాంటి కొలత లేదు. దయచేసి నమలకండి.