తలంబ్రాల వేళ ఆ తెల్ల లెన్స్

జమ్మికుంట ఫంక్షన్ హాళ్లలో ఫొటోగ్రాఫర్ మండపమెక్కి చుట్టాలకు అడ్డం నిలబడకుండా పని కానిస్తున్నాడంటే, ఆ పుణ్యం అతని చేతిలోని 70-200 ఎం.ఎం. జూమ్ లెన్స్‌ది. కుర్చీల పక్కన నిలబడి, ఎడమ అరచేతిని లెన్స్ కింద ఆనించి, మోచేతిని పక్కటెముకలకు అదిమిపెడతాడు. బరువంతా అరచేతి మీదే, రెండు వేళ్లు మాత్రం రబ్బరు రింగును తిప్పుతుంటాయి. పెళ్లికూతురి దోసిట్లోంచి తలంబ్రాలు జారేలోపు 70 నుంచి 200కు చేరాలి, ఫోకస్ కంటి మీద కుదరాలి. రింగు వదులైతే ఆగాల్సిన చోట ఆగదు, గట్టిగా ఉంటే కెమెరాయే కదులుతుంది. ఆ మెత్తని బిగువును కుదిర్చినవాళ్లకు దండం పెట్టాలి. క్యానన్ తెల్లరంగు వేసింది మే నెల బరాత్ నాటి ఎండలో లోపలి అద్దాలు వేడెక్కకుండా (కొంత డాబు కూడా ఉందనుకోండి). మౌంట్ దగ్గర సన్నటి రబ్బరు పట్టీ ఉంటుంది. పత్తి మార్కెట్ ఉన్న ఊళ్లో, దూది నుసి గాల్లో తేలే రోజుల్లో దాని విలువ తెలుస్తుంది. ఇక బరువు. ట్రైపాడ్ కాలర్ తీసి తూస్తే, డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు చేసిన ఈఎఫ్ రకం మూడో తరం 1,480 గ్రాములు. మిర్రర్‌లెస్ కెమెరాలకు చేసిన 2019 నాటి ఆర్‌ఎఫ్ 1,070కి దిగింది గానీ, జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగుతుంది. 2024లో వచ్చిన ఆర్‌ఎఫ్ జెడ్ రకం సాగదు, బరువూ 1,115 గ్రాములే. చిన్న స్టూడియోలవాళ్లకు ఇంక కావాల్సిందల్లా ధర కూడా అలా దిగిరావడం.