‘దిద్దుబాటు’ - కమలిని తెగువ

1910లో వెలువడిన గురజాడ అప్పారావు కథ ‘దిద్దుబాటు’లో కమలిని ధైర్యం ఎక్కడుందో పరిశీలించండి. భర్త గోపాలరావు మీటింగుల పేరు చెప్పి వేశ్యల పాటకచేరీలకు వెళ్తూ ఇంటికి ఆలస్యంగా చేరుతుంటాడు. ఒక రాత్రి అతనికి భార్యకు బదులు ఉత్తరం కనిపిస్తుంది. తాను ఇంట్లో ఉండడం వల్లే భర్త అబద్ధమాడవలసి వస్తోందని, అందుకే పుట్టింటికి పోతున్నానని ఆమె రాస్తుంది. పైకి ఇది విధేయతగా కనిపిస్తుంది. నిజానికి పదునైన వ్యంగ్యం. చివరికి మంచం కింద నుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది గనుక ఇదంతా వేళాకోళమని మీరు భావించవచ్చు. అయితే ఆ ఉత్తరం చదివి భర్త పశ్చాత్తాపపడతాడో, మండిపడతాడో రాసేటప్పుడు ఆమెకు తెలియదు. అయినా తనకు నిజం తెలిసిందని రాసింది. గడప దాటకుండానే భర్తను నిలదీసిన ఈ తెగువే కథకు ప్రాణమని గ్రహించండి.